రెక్కల బిళ్ల కింద మంత్రిగారు

ఎర్రగట్టు తండాకి పోయే ఎత్తుదారిలో సగం ఎక్కాక ఒక తుమ్మచెట్టు ఉంది. లూర్దమ్మ ఎలక్ట్రిక్ బండి ప్రతి బుధవారం వచ్చి ఆ చెట్టు కిందే ఆగేది. నీడ బాగుంటుందని కాదు. పల్నాటి ఎండలో, ఆ ఎత్తులో, అంతవరకు రావడమే దానికి చేతనైన పని. వెనక చక్రం నడిమధ్య గిన్నెలా ఉండే మోటారు సలసలా కాగిపోయి, ఇక నావల్ల కాదని దానంతటదే ఆగిపోయేది. లూర్దమ్మ దిగి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, సీసాలోంచి నాలుగు చుక్కలు దాని మీద చిలకరించేది. దోసెల పెనం కాగిందో లేదో చూసినట్టు. అది చుయ్‌మనేది. ఈవిడ తిట్టేది.

లూర్దమ్మ ఆరోగ్య ఉపకేంద్రంలో ఏఎన్ఎం. ఊళ్లవాళ్లకి నర్సమ్మ. బండి వెనక సీటుకి కట్టిన నీలంరంగు పెట్టెలో తండా పిల్లలకి వెయ్యాల్సిన టీకాలు, వాటి చుట్టూ ఐసు ప్యాకులు. ఐసు కరిగితే టీకా చెడుతుంది. చెడిన టీకా పిల్లకి వెయ్యకూడదు. వెయ్యకపోతే సంజాయిషీ చెప్పుకోవాల్సింది ఎండా కాదు, మోటారూ కాదు, లూర్దమ్మే. అందుకని బండి చల్లారేదాకా ఆ పెట్టెని ఒళ్లో పెట్టుకుని, కొంగు కప్పి కూర్చునేది.

ఆ బండిని ఏఎన్ఎంలకి పంచిపెట్టింది రాష్ట్ర విద్యుత్ ద్విచక్ర వాహన సమగ్ర ప్రోత్సాహక సంస్థ. అంత పేరు ఒక బోర్డులో పట్టక జిల్లా ఆఫీసు గేటు రెండు తలుపుల మీదా రాయించారు. గేటు తీస్తే పేరు రెండుగా చీలిపోతుందని, జనం పక్కనున్న చిన్న తలుపులోంచి వంగి లోపలికి పోతారు. అలా వంగి పోయేవాళ్లలో లూర్దమ్మ మొగుడు శౌరిబాబు ఒకడు. అక్కడ అసిస్టెంట్ ఇంజనీరు. పని తెలిసిన మనిషే. ప్రమోషను గుమ్మంలో ఉండటం వల్ల నోరు మాత్రం తక్కువ.

"ఏమయ్యో ఇంజనీరూ, మీ ఆఫీసోళ్లు ఇచ్చింది బండా, అలిగిన ఆడబిడ్డా? గట్టెక్కమంటే సగంలో కూలబడుద్దేంది?" అని లూర్దమ్మ ప్రతి బుధవారం అన్నం పెడుతూ అడిగేది. అన్నం పెట్టేముందు అడిగితే తప్పించుకోవచ్చు. పెడుతూ అడిగితే ఎక్కడికి పోతాడు?

పాపం, శౌరిబాబు ఊరుకోలేదు. వర్క్‌షాపులో కూర్చుని అల్యూమినియంతో ఒక బిళ్ల చేశాడు. పుస్తకాల్లో దాన్ని హీట్ సింక్ అంటారు. వర్క్‌షాపులో అందరూ రెక్కల బిళ్ల అన్నారు. దానికి ఒక పక్కంతా నిలువు రెక్కలు, ఇంకో పక్కంతా నున్నటి చదును. చదును మోటారు మూతకి హత్తుకోవాలి, రెక్కలు గాలికి ఉండాలి. మోటారు వేడి చదునులోంచి రెక్కలకి పాకి, గాలిలో కలిసిపోతుంది. కీలకమంతా ఆ హత్తుకోవడంలోనే ఉంది. మధ్యలో వెంట్రుకవాసి సందున్నా వేడి అక్కడే నిలబడిపోతుంది. అందుకని శౌరిబాబు మోటారు మూత మీది రంగంతా గీకి, సానపట్టి, సందులు పూడ్చి వేడిని దాటించే థర్మల్ పేస్టు పల్చగా రాసి, బిళ్లని బోల్టులతో బిర్రుగా బిగించాడు.

ఆ బుధవారం లూర్దమ్మ తుమ్మచెట్టుని పలకరించకుండానే దాటిపోయింది. తండాలో బండి దిగి, అలవాటు కొద్దీ నీళ్లు చిలకరించింది. రెక్కలు చుయ్‌మన్నాయి. ఇంటికొచ్చి అడిగింది.

"అవునయ్యా, బండి ఆగలా, బానే ఉంది. మరి నీ బిళ్ల పెనంలా కాలతందేంది?"

"కాలాలే! రెక్కలు కాలితేనే మోటారు బతికినట్టు. లోపలి వేడి బయటికొస్తందని లెక్క" అన్నాడు శౌరిబాబు, పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి ఆవిడకి తెలియని సంగతి ఒకటి చెబుతున్నానన్న సంబరంతో.

ఇక్కడితో కథ అయిపోవాలి. ఆఫీసంటూ లేకపోతే అయిపోయేది కూడా.

శౌరిబాబు బిళ్లని పైకి పంపాడు. వింతేమిటంటే, వెంటనే ఒప్పుకున్నారు. పథకానికి 'చల్లని చక్రం' అని పేరు కూడా పెట్టేశారు. జిల్లా సంయుక్త సంచాలకులు పరాంకుశరావుగారు అతన్ని పిలిచి కుర్చీ చూపించారు. ఆ గదిలో అతన్ని కూర్చోమనడం అదే మొదలు.

"శౌరిబాబుగారూ, మీ నూతన ఆవిష్కరణను సంస్థ సూత్రప్రాయముగా, సహర్షముగా ఆమోదించినది. ప్రతి వాహనమునకును అమర్చుదము. హరనాథబాబుగారు ఒక చిన్న లాంఛనము చెప్పెదరు" అన్నారు. మామూలుగా మాట్లాడటం ఆయనకి రాక కాదు. ఇంట్లో కాఫీ అడిగేటప్పుడు బాగానే అడుగుతారట. ఆ కుర్చీలో కూర్చుంటే మాత్రం అలా వస్తుంది.

హరనాథబాబుగారు ప్రచార విభాగం అధికారి. బిళ్లని చేతిలోకి తీసుకుని, రెక్కల వైపు చూసి పెదవి విరిచారు. తిప్పి చదును వైపు చూశారు. మొహం వికసించింది.

"నిబంధన సుస్పష్టం. ప్రభుత్వము సరఫరా చేయు ప్రతి వస్తువు మీదను, దాని మిక్కిలి విశాలమైన చదును భాగమునందు మంత్రివర్యుల మందహాస చిత్రము అతికించవలెను. రెక్కల మీద అతికించుటకు వీలు లేదు. ఇదిగో చదును. ఎంత చక్కగా ఉన్నదో!"

శౌరిబాబు బిళ్ల వైపు చెయ్యి చాపాడు. "సార్, అది మోటారుకి ఆనే వైపు సార్. బిగించాక ఎవరికీ కనపడదు."

"నిబంధనలో అతికించవలెను అని ఉన్నది. కనపడవలెను అని ఎచ్చట ఉన్నదో చూపండి."

"కనపడకపోతే పోయె సార్, మధ్యలో బొమ్మ ఉంటే వేడి పాకదు. హత్తుకోవాలి సార్. కావాలంటే హ్యాండిలు మీద పెద్ద బొమ్మ..."

"హ్యాండిలు ప్రత్యేక పద్దు. అచ్చట మాజీ మంత్రివర్యుల చిత్రమున్నది. దానిని తొలగించు విషయము పరిశీలనలో ఉన్నది."

శౌరిబాబు పరాంకుశరావుగారి వైపు చూశాడు. ఆయన గోడ మీది పంకా వైపు చూస్తున్నారు. ఆయన ఇంజనీరింగ్ చదివి ఈ కుర్చీలోకి వచ్చినవారే. వేడి ఎటు పోతుందో ఆయనకి తెలుసు. ఆ మాటకొస్తే పాఠాలు చెప్పిన మనిషి కూడాను. కానీ పంకా బాగా తిరుగుతోంది, దాన్నే చూస్తున్నారు.

"మీ ప్రమోషను దస్త్రము కూడ నా బల్ల మీదనే ఉన్నది శౌరిబాబుగారూ" అన్నారు, పంకాతోనే అన్నట్టు.

"అలాగే సార్" అన్నాడు శౌరిబాబు. ఆ రెండు మాటలూ ఎంత తేలిగ్గా వచ్చాయో తల్చుకుంటే అతనికి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బొమ్మలు వచ్చాయి. ఎండకీ వానకీ చెక్కు చెదరని మందపాటి ప్లాస్టిక్ మీద మంత్రిగారు నవ్వుతున్నారు. ఒక్కొక్క బిళ్ల చదునుకి ఒక్కొక్క మంత్రిగారిని అతికించి, మోటారుకి ఎదురుగా పెట్టి బోల్టులు బిగించారు. లూర్దమ్మ బండిని కూడా తీసుకుపోయి, పేస్టు తుడిచి, నిబంధనకి లోబరిచి పంపారు. తిరిగొచ్చిన బిళ్లని ఆవిడ పక్కనుంచి చూసింది. బోల్టుల సందులోంచి మంత్రిగారి చెవి కొస కనిపించింది.

"ఇదేందయ్యా? పొయ్యి మీది గిన్నెని మసిగుడ్డతో పట్టుకుంటే చెయ్యి కాలదు. ఇది మసిగుడ్డే గదా! వేడి ఎట్టా పోద్ది?"

"నీకు తెలిసిపోయింది. నాకూ తెలుసు. మా సార్‌కీ తెలుసు."

"మరి?"

"అదే మరి."

ప్రారంభోత్సవం బ్రహ్మాండంగా జరిగింది. కొబ్బరికాయలు కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. ఆ నిమ్మకాయల దాకా బండ్లన్నీ చక్కగా నడిచాయి. తరవాతి బుధవారం లూర్దమ్మ బండి తుమ్మచెట్టు దాకా కూడా పోలేదు. జిల్లాలో ఎక్కడ ఎత్తుంటే అక్కడ ఒక ఏఎన్ఎం, పక్కన ఒక బండి, ఒళ్లో ఒక నీలం పెట్టె. ఆఫీసుకి ఫోన్ల మీద ఫోన్లు. చివరికి విసుగెత్తి ఒక బండి బిళ్ల విప్పించారు.

విప్పినవాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు. మంత్రిగారి ముఖం నల్లగా మాడిపోయి ఉంది. ముక్కు కరిగి మీసంలో కలిసిపోయింది. నవ్వు మాత్రం అలాగే ఉంది, అందుకే చూడటానికి మరీ భయంకరంగా ఉంది.

ఇహ చూడాలి ఆఫీసులో గగ్గోలు! మోటార్లు ఎందుకు ఆగుతున్నాయని అడిగినవాడు ఒక్కడు లేడు. మంత్రిగారి ముక్కు ఎవరు కాల్చారని అడిగారు. హరనాథబాబుగారు చెమటలు కక్కుతూ శౌరిబాబుని నిలదీశారు.

"మోటారు ఉద్దేశపూర్వకముగా వేడెక్కినదా, లేక యాదృచ్ఛికముగా వేడెక్కినదా?"

"మోటారన్నాక వేడెక్కుద్ది సార్."

"ఇతర మంత్రుల చిత్రముల క్రింద కూడ ఇట్లే వేడెక్కునా?"

దీనికి శౌరిబాబు దగ్గర జవాబు లేదు. జవాబు లేకపోవడాన్ని రాసుకున్నారు.

వెంటనే వదన పరిరక్షణ ఉపసంఘం ఏర్పాటైంది. పరాంకుశరావుగారు అధ్యక్షులు, హరనాథబాబుగారు కన్వీనరు, శౌరిబాబు సాంకేతిక సభ్యుడు, అంటే టీ వచ్చినప్పుడు లేచి అందించే సభ్యుడు. సంఘం ముందున్న సమస్య ఒకటే, మోటారు వేడి నుంచి మంత్రిగారి ముఖాన్ని కాపాడటం ఎలా. బొమ్మ తీసేస్తే సరిపోతుందని చెప్పబోయి శౌరిబాబు గొంతు సవరించుకున్నాడు. అందరూ అతనికి దగ్గు మందు చెప్పారు.

పాత ఇస్త్రీపెట్టెల్లో వేసే అభ్రకం రేకు వేద్దామని తేలింది. అభ్రకం ఎంత వేడినైనా ఆపుతుంది. మాడిన బొమ్మలకి బదులు కొత్తవి అతికించి, మోటారుకీ మంత్రిగారికీ మధ్య దళసరి రేకు ఒకటి పెట్టి అన్ని బండ్లకీ మళ్లీ బిగించారు. ఈసారి నాలుగు రోజుల తరవాత విప్పి చూస్తే మంత్రిగారు తాజాగా నవ్వుతున్నారు. ముక్కు ముక్కులాగే ఉంది. సంఘం సభ్యులు చప్పట్లు కొట్టారు. రెక్కల మీద చెయ్యి వేసిన హరనాథబాబుగారు ఒక్క గంతు వేశారు.

"సార్! చల్లగా ఉన్నది!"

పరాంకుశరావుగారూ చెయ్యి వేశారు. నిజమే, బిళ్ల చల్లగా ఉంది. మోటారు నుంచి ఆవగింజంత వేడి కూడా రాకపోతే చల్లగా కాక ఎలా ఉంటుంది? ఆయన ముఖంలో ఒక వెలుగు వచ్చింది. అలాంటి వెలుగు ఆఫీసర్లకి ఉద్యోగం మొత్తంలో ఒకసారి వస్తుంది.

"పథకము పేరేమి? చల్లని చక్రం. చల్లబరచుటకై మంజూరైన వస్తువేది? ఈ రెక్కల బిళ్ల. అది చల్లగా ఉన్నదా, లేదా?"

"ఉన్నది సార్!"

"అట్లయిన పథకము విజయవంతమైనది."

"సార్, మోటారు..." అన్నాడు శౌరిబాబు.

"మోటారు మన పథకములో లేదు" అన్నారు పరాంకుశరావుగారు చాలా దయగా.

అప్పటి నుంచి జిల్లా అంతటా అరచేతి పరీక్ష మొదలైంది. తనిఖీ అధికారి వచ్చి రెక్కల మీద అరచెయ్యి ఆనిస్తాడు. చల్లగా ఉంటే బండి యోగ్యం. బండ్లన్నీ ఎక్కడివక్కడ ఆగి ఉన్నాయి కనక అన్నీ చల్లగానే ఉన్నాయి, అన్నీ యోగ్యమే. కొందరు ఏఎన్ఎంలు బండిని గుమ్మంలో నిలబెట్టి, టీకాల పెట్టె భుజాన వేసుకుని నడిచారు. వాళ్ల బండ్లకి ప్రశంసాపత్రాలు వచ్చాయి.

ఎర్రగట్టు మాత్రం పెట్టె భుజాన మోసుకుంటూ ఎక్కే ఎత్తు కాదు. లూర్దమ్మ బండిని తోసుకుంటూ ఎక్కింది. మిట్టమధ్యాహ్నానికి తండా చేరి పెట్టె మూత తీస్తే లోపల నీళ్లు. టీకాలన్నీ పారబోయాల్సి వచ్చింది. ధర్మీబాయి అనే ముసలామె పొద్దుటినుంచి మనవరాలిని చంకనేసుకుని కూర్చుని ఉంది.

"నర్సమ్మా, పక్క తండాలో తట్టు పోసిందంట. మా పిల్లకి ఇయ్యాల ఎయ్యవా?"

"వచ్చే బుధారం ఏస్తానమ్మా" అంది లూర్దమ్మ.

ఇంటికొచ్చాక అన్నం పెట్టలేదు. పానా తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. పైగా ఆరోగ్యశాఖ డాక్టరు, ఇంకోసారి టీకాలు పాడైతే సస్పెండు చేయిస్తానని మొహం మీదే చెప్పాడట. సస్పెన్షనుకి కూడా ఆవిడ అంతగా బెదరలేదు. ఆ పిల్ల మొహం కళ్లల్లోంచి పోవడం లేదు.

"నువ్వు తీస్తావా, నన్ను తియ్యమంటావా?"

"లూర్దూ, మంత్రిగారి బొమ్మే! తీసినట్టు తెలిస్తే నా ప్రమోషను కాదు, ఉన్న ఉజ్జోగం కూడా..."

"ఆ పిల్లకి తట్టు పోస్తే నీ ప్రమోషను తీసుకెళ్లి మంచం కింద పెట్టమంటావా? మరియమ్మ తల్లి సాక్షి, నేను తీస్తే ఆ బొమ్మని పొయ్యిలో పెడతా. నువ్వు తీస్తే జాగర్తగా తీస్తావు. ఆలోచించుకో."

ఆదివారం గుడి నుంచి వచ్చాక, అందరూ చూసే ఎండలోనే, శౌరిబాబు వాకిట్లో చతికిలబడి బిళ్ల విప్పాడు. అభ్రకం తీశాడు. గోరువెచ్చటి నీళ్లతో మంత్రిగారిని మెల్లగా ఊడదీశాడు. చదునుని మళ్లీ సానపట్టి, పేస్టు రాసి, హత్తుకునేట్టు బిగించాడు. చాలా రోజుల తరవాత ఇంజనీరు పని చేసినట్టనిపించింది. మంత్రిగారిని ఎక్కడ పెట్టాలో తెలియక లూర్దమ్మ బియ్యం డబ్బాలో పెట్టింది.

బుధవారం ధర్మీబాయి మనవరాలికి టీకా పడింది. పిల్ల చుక్కలంటేట్టు ఏడ్చింది. ఆ ఏడుపు విని లూర్దమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఆ తరవాత ప్రతి బుధవారం బండి ఎక్కింది, రెక్కలు చుయ్‌మన్నాయి. తనిఖీవాళ్లు వచ్చినప్పుడు మాత్రం ఇంటి దగ్గర నీడలో చల్లారిన బండిని చూపించేది.

ఇలా సాగిపోతుండగా మంత్రిగారికి ఒక ముచ్చట పుట్టింది. చల్లని చక్రం మీద స్వయంగా ఎక్కి, ఎర్రగట్టు తండా దాకా నడుపుకుంటూ పోయి, ప్రజలకి చూపించాలని. కెమెరాలు, మైకులు, అంతా సిద్ధం. పరాంకుశరావుగారు యోగ్యతాపత్రం ఉన్న బండ్లన్నీ తెప్పించి రహస్యంగా ఎక్కించి చూశారు. ఒక్కటీ మొదటి మలుపు దాటలేదు.

"శౌరిబాబుగారూ, తమరి శ్రీమతిగారి వాహనము ఎక్కుచున్నదని వినికిడి" అన్నారు చాలా మెల్లగా.

"ఎక్కుద్ది సార్. ఎందుకెక్కుద్దంటే..."

"ఎందుకో నేను అడిగితినా?" అని ఆయన రెండు చెవులూ మూసుకున్నంత పనిచేశారు. అడిగితే తెలుస్తుంది. తెలిస్తే చర్య తీసుకోవాలి. చర్య తీసుకుంటే మంత్రిగారు తుమ్మచెట్టు కింద ఉంటారు.

ఆ బుధవారం లూర్దమ్మ బండికి బంతిపూల దండ వేశారు. మంత్రిగారు ఎక్కి కూర్చున్నారు. భారీ విగ్రహం. బండి ఒకసారి మూలిగి కదిలింది. శౌరిబాబు, ఒళ్లో టీకాల పెట్టె పెట్టుకున్న లూర్దమ్మ పక్కన, వెనక జీపులో కూర్చున్నాడు. మొదటి మలుపు దాటింది. తుమ్మచెట్టు వచ్చింది, పోయింది. ఆగకుండా, అలవకుండా బండి తండాకి చేరింది. అక్కడ యోగ్యమైన బండ్లన్నిటినీ ముందే లారీలో తెచ్చి ప్రదర్శనకి పందిరి నీడలో వరసగా నిలబెట్టారు. జనం ఈలలు వేశారు. శౌరిబాబుకి ఒక్క క్షణం ఛాతీ ఉప్పొంగింది, తన బిళ్ల మంత్రిగారినే మోసుకొచ్చింది మరి!

మంత్రిగారు దిగి మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! ఇంత ఎండలో, ఇంత ఎత్తు ఎక్కినా మన చల్లని చక్రం ఎంత చల్లగా ఉందో, ఇదిగో, మీ కళ్లముందే చూడండి!" అంటూ రెక్కల బిళ్ల మీద అరచెయ్యి పూర్తిగా ఆనించారు.

చుయ్‌మంది.

మైకులో వినిపించింది అది. ఆ వెంటనే మంత్రిగారి కేక కూడా వినిపించింది. చెయ్యి ఎర్రగా కాలిపోయింది. ఎవరెటు పరిగెత్తుతున్నారో తెలియలేదు. అంతలో హరనాథబాబుగారి చూపు లూర్దమ్మ ఒళ్లో నీలం పెట్టె మీద పడింది.

"ఐసు! ఐసు ఉన్నది! తీయండి!"

లూర్దమ్మ పెట్టె మూత మీద రెండు చేతులూ వేసి గట్టిగా నొక్కింది. "ఇది పిల్లల ఐసు సార్. ఐసు తీస్తే టీకాలు చెడతాయి."

"మంత్రివర్యుల హస్తము కాలినది! నీ ఉద్యోగము ఏమగునో తెలియునా?"

"తెలుసు సార్. తియ్యను."

వెనక ధర్మీబాయి, ఆమె వెనక తల్లులు, చంకల్లో పిల్లలు. అంతా చూస్తున్నారు. హరనాథబాబుగారు పెట్టె మీదికి వంగారు. శౌరిబాబుకి పంకా వైపు చూద్దామంటే అక్కడ పంకా కూడా లేదు. ఎలా వచ్చిందో ఏమో, అతని నోట్లోంచి గొంతు పెద్దగా వచ్చింది.

"సార్! ఐసెందుకు సార్? అంత చల్లటి బిళ్లలు అక్కడ వరసగా ఉంటే! అన్నీ చల్లగా ఉన్నాయని మనమే గదా యోగ్యతాపత్రాలిచ్చింది. దొరవారి చెయ్యి వాటి మీద పెట్టించండి!"

ఇది వెక్కిరింతని శౌరిబాబుకి తెలుసు, లూర్దమ్మకి తెలుసు. పరాంకుశరావుగారికి కూడా తెలుసు, కానీ కాదని ఎలా అంటారు? అవి చల్లగా లేవని తన నోటితో అనాలి గదా!

మంత్రిగారిని నడిపించుకుపోయి మొదటి బండి రెక్కల మీద చెయ్యి పెట్టించారు. ఆయన కళ్లు మూతలు పడ్డాయి.

"అబ్బ! హాయిగా ఉందయ్యా!" అన్నారు. అది కాస్త వెచ్చబడగానే రెండో బండి దగ్గరికి, అక్కణ్నించి మూడో దాని దగ్గరికి. అలా వరసంతా తిరుగుతుంటే కెమెరాలు వెంటపడ్డాయి. మర్నాడు అన్ని పేపర్లలోనూ అదే ఫొటో. ఆయన అలా తిరుగుతుండగానే ఇటువైపు లూర్దమ్మ పెట్టె తెరిచి, పిల్లలందరికీ టీకాలు వేసేసింది. మంత్రిగారు చివరి బండి దగ్గర తేరుకుని వెనక్కి తిరిగారు.

"ఇవన్నీ ఇంత బాగుంటే, ఆ చెడిపోయిన బండిని నాకెవరయ్యా ఇచ్చింది?"

మంత్రిగారిని కొండ ఎక్కించిన బండి జిల్లా మొత్తం మీద చెడిపోయిన ఏకైక బండిగా అప్పటికప్పుడు తేలింది. వేడెక్కుట అనే లోపము వలన దానిని పథకము నుండి బహిష్కరించి, వాడుకదారుకే వదిలివేయడమైనది అన్నారు పరాంకుశరావుగారు.

మర్నాడు హరనాథబాబుగారు శౌరిబాబు ఇంటికి వచ్చారు.

"లోపభూయిష్టమైన వస్తువు మీద మంత్రివర్యుల చిత్రము ఉండుట నిబంధనలకు విరుద్ధము. తక్షణము ఊడదీసి నాకు అప్పగించవలెను."

లూర్దమ్మ లోపలికి పోయి బియ్యం డబ్బాలోంచి బొమ్మ తెచ్చి, కొంగుతో తవుడు దులిపి ఇచ్చింది. చెక్కు చెదరలేదు. ముక్కు ముక్కులాగే ఉంది. హరనాథబాబుగారు ముగ్ధులైపోయారు.

"నేను చెప్పకమునుపే తీసి, ఇంత భద్రముగా! నిబంధన పాలనలో ఇంత చురుకుదనము నేనెచ్చటను చూడలేదమ్మా" అని, శౌరిబాబు భుజం తట్టి వెళ్లారు.

సంగతి ఏఎన్ఎంలకి పాకడానికి ఎంతసేపు పడుతుంది? ఆ ఆదివారం శౌరిబాబు వాకిట్లో బండ్లు బారులు తీరాయి. "అన్నా, మా బండి కూడా చెడగొట్టి పెట్టన్నా" అని ఒకామె, "బాబ్బాబు, నాది తొందరగా చెడగొట్టండి, బుధవారం రెండు తండాలున్నాయి" అని ఇంకొకామె. శౌరిబాబు చొక్కా విప్పి, పానా పట్టుకుని, ఒక్కొక్క బండినే శ్రద్ధగా చెడగొట్టాడు. అరచేతి పరీక్షకి వచ్చినవాళ్ల అరచేతులు వరసగా కాలాయి. బండ్లు వరసగా బహిష్కారమయ్యాయి. ఆఫీసు షెడ్డులో మిగిలిన కాసిని యోగ్యమైన బండ్లు మాత్రం దుమ్ము కొట్టుకుని, మంచులా చల్లగా, లోపల మంత్రిగారి నవ్వులతో నిలబడి ఉన్నాయి.

శౌరిబాబు ప్రమోషను ఆగిపోయింది. జిల్లాలో ఇన్ని బండ్లు చెడిపోవడానికి బాధ్యుడివి నువ్వేనని అభియోగం మోపారు. పరాంకుశరావుగారు ఎదురుగా నిలబెట్టి అడిగారు, కుర్చీ చూపించకుండానే.

"ఇవన్నియు మీ చేతి మీదుగనే చెడినవా?"

"నా చేతి మీదుగానే సార్" అన్నాడు శౌరిబాబు. ఈసారి పంకా వైపు చూడలేదు.

ఆ సాయంత్రం లూర్దమ్మ తండా నుంచి తిరిగొచ్చింది. ఖాళీ పెట్టె దించి, తొట్టిలోంచి నాలుగు చుక్కలు తీసి బిళ్ల మీద చిలకరించింది. లోపల్నించి శౌరిబాబు ఆ చప్పుడు విన్నాడు.

"ఏమే, చెడిపోయిందా?"

"బాగా చెడిపోయిందయ్యా. లేచి రా, అన్నం పెడతా."